ఎర్ర సిరాతో దిద్దిన ఉత్తరం

అమ్మా,

కవరు చూసి కంగారు పడకు. నేనూ, నీ అల్లుడూ, పిల్లా అందరం బాగానే ఉన్నాం. మొన్న ఆదివారమే కదా ఫోనులో మాట్లాడుకున్నది, మళ్లీ ఈ కాగితమేమిటని అనుకుంటావు. నీకో మాట చెప్పాలని ఆరోజు మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ నువ్వు "సర్లే, తిన్నావా?" అన్నావు. నేను "తిన్నా" అన్నాను. అక్కడితో అయిపోయింది. కాగితం అలా మధ్యలో అడ్డురాదని రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. చదివిపెట్టమని ఆసుపత్రి వార్డులో ఎవరినీ అడగకు. ఎన్నాళ్లు పట్టినా నువ్వే చదువుకో. ఇది నీకొక్కదానికే.

నా పని సంగతి నీకు తెలుసు. అచ్చుకు వెళ్లే కాగితాల్లో తప్పులు దిద్దడం. పద్నాలుగేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ, పక్కన కంప్యూటరు ముందు అక్షరాలు కొట్టే అమ్మాయి. చాలా వేగంగా కొడుతుందని దాన్ని మెరుపు అంటాం. పోయిన నెల మా పెద్దసారు నా బల్ల మీద ఒక పాత ఇంగ్లీషు నవల పెట్టారు. ఎప్పటిదో, ముత్తాతల కాలం నాటిది. కాలేజీ పిల్లల కోసం మళ్లీ అచ్చు వేస్తున్నాం. "ఇందులో స్పెల్లింగులన్నీ పాతవి. పిల్లలు తికమక పడతారు. అన్నీ ఇప్పటివి చేసెయ్" అన్నారు.

నీకు ఇంగ్లీషుతో పనిలేదు గానీ, మందుసీసాల మీద అక్షరాలు చూసీ చూసీ గుర్తుపడతావు కదా, అందుకని కాస్త చెబుతాను. 'చూపించు' అనే మాటను వాళ్లు షో అంటారు. ఇప్పుడు దాని మధ్యలో ఓ అనే అక్షరం పెడతాం. ఈ రచయిత ఈ అనే అక్షరం పెట్టాడు. 'ఎంచుకో' అనే మాటకి మనం రెండు ఓలు పెడితే ఆయన ఒకే ఒక్క యూతో సరిపెట్టాడు. అవేవీ తప్పులు కావు. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు అలాగే రాసేవారు. అవి దిద్దుతుంటే నాకేమీ అనిపించలేదు.

నూట అరవయ్యో పేజీ దగ్గర బట్టలుతికే ఆవిడ ఒకామె వచ్చింది. ఆమె కొడుకు దూరంగా ఒక పెద్దింట్లో కొలువులో ఉంటాడు. వాడికి ఆమె ఉత్తరం రాస్తుంది. రెండు పేజీల ఉత్తరం, మొత్తం ఆమె స్పెల్లింగులోనే. నోటికి ఎలా వస్తే అలా. 'ఏమిటి' అనే మాటలో ఉండాల్సిన హెచ్ ఎగిరిపోయింది. 'ఎప్పుడు' అనే మాటలోనూ అంతే. 'అంటాడు' అనే మాటను ఎస్, ఈ, జెడ్ అని మూడక్షరాల్లో తేల్చేసింది. సెజ్. ఇక్కడ ఒక తమాషా ఉందమ్మా. ఆ మాటను ఇంగ్లీషువాళ్లందరూ సెజ్ అనే పలుకుతారు. ఆ నవల్లో దొరసాని కూడా అలాగే పలుకుతుంది. కానీ దొరసాని మాట్లాడినప్పుడు రచయిత బడిలో నేర్పిన స్పెల్లింగు రాస్తాడు, ఈవిడ మాట్లాడితే మూడక్షరాలు రాస్తాడు. నోట్లో మాట ఒకటే. ఈమెకు చదువు లేదని మనకు చూపించడానికి, అంతే.

నేను పెన్ను తీసుకుని దిద్దడం మొదలుపెట్టాను. ఎర్ర పెన్నే, మా ఉద్యోగమంతా ఎర్ర పెన్నే. ఏడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కాగితం నిండా ఎర్ర గీతలు. అమ్మ కొడుక్కి రాసిన ఉత్తరం మీద. "ఏంటక్కా, తల నొప్పా?" అంది మెరుపు. "అవును" అన్నాను.

ఎందుకు ఆగిందో నీకు చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, చెప్పకుండానే ఇన్నేళ్లు గడిపాను కనక.

నాన్న పోయాక నువ్వు ఆసుపత్రిలో ఆయాగా చేరి, నన్ను హాస్టల్లో వేశావు. పెద్ద సిస్టరమ్మ మధ్యాహ్నంపూట ఆయాలందరికీ అక్షరాలు నేర్పుతోందని, నువ్వూ పలక పట్టుకుని కూర్చున్నావని విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తరవాత ఒక రోజు హాస్టలుకి కవరు వచ్చింది. నీ చేత్తో రాసిన మొదటి ఉత్తరం. నాకప్పుడు పదమూడేళ్లు. తరగతిలో తెలుగు డిక్టేషన్లో ఎప్పుడూ నాదే మొదటి మార్కు. నీ ఉత్తరంలో 'భయం'కి వత్తు లేదు. 'డాక్టరు' డాకటేరయ్యాడు. 'హాస్టలు' ఆస్టలయింది. నన్ను 'పిచ్చికా' అని పిలిచావు, నేను దాన్ని కొట్టేసి 'పిచ్చుకా' అని రాశాను. (మొన్న నిఘంటువు తీసి చూశాను. పిచ్చిక కూడా ఉంది. రెండూ సరైనవే.) అన్నీ ఎర్ర సిరాతో దిద్ది, కింద 'తప్పులు: పంతొమ్మిది' అని వేసి, అదే కాగితం కవర్లో పెట్టి నీకు తిరిగి పంపాను. రెండో ఉత్తరం కూడా అలాగే పంపాను. మూడోదీ అంతే. నాలుగోది రాలేదు. ఆ తరవాత ఇరవై ఆరేళ్లు నువ్వు నాకు ఒక్క ముక్క రాయలేదు.

వాటిలో ఏం రాశావో నాకు గుర్తులేదమ్మా. తప్పులు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

ఇంకొకటి. నా పెళ్లి రిజిస్ట్రారాఫీసులో గుమాస్తా పుస్తకం నీవైపు తిప్పి, "సంతకం చేస్తారామ్మా?" అన్నాడు. నువ్వు "రాదు బాబూ" అని బొటనవేలు చాపావు. నీకు సంతకం వచ్చని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నీ వేలికి అంటిన సిరా నా కొంగుతో తుడిచాను గానీ, నోరు విప్పలేదు. నా వల్లే నువ్వు రాయడం మర్చిపోయావనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

నన్ను క్షమించమని అడగడానికే ఇదంతా. తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఫోను చేసి మాత్రం "సర్లే, తిన్నావా" అనకు. ఆ బట్టలుతికే ఆవిడ ఉత్తరం సగం ఎరుపుతో నా బల్ల మీదే ఉంది. దాన్నేం చెయ్యాలో తెలియడం లేదు.

నీ పిచ్చిక

*

పిచ్చికా,

నీ ఉత్తరం అందింది. అచ్చరాలు అంత పెద్దవి అక్కర్లేదు నాకు కల్లజోడు ఉంది. ఎవరినీ చదవమనలేదు నేనే చదివా. బట్టల గదిలో దుప్పట్ల మీద కూర్చుని చదివా. రెండు సార్లు చదివా.

నువు అంతా తిరగేసి అనుకున్నావు. నువు మొదటి ఉత్తరం దిద్ది పంపితే నాకు సంతోసం వేసింది. నిజం చెప్తన్నా. పెద్ద సిస్టరమ్మకి చూపించా. మా అమ్మాయి నాకు టీచరు అయ్యింది చూడండి అన్నా. ఆమె నవ్వి నీకు జీతం లేని పంతులమ్మ దొరికింది అంది. నువు దిద్దిన మాటలు ఒక్కోటి పది సార్లు రాసా. రెండో ఉత్తరంలో తప్పులు తగ్గాయి గుర్తుందా. పంతొమ్మిది పోయి పదకొండు అయ్యాయి. అప్పుడు నా అంత గొప్ప మనిసి లేదు.

మూడో ఉత్తరం వేరు. దాంట్లో ఏముందో నీకు గుర్తు లేదన్నావు. నాకు గుర్తుంది. చెప్తా.

అప్పుడు మా ఆస్పటల్లో అంబులేసు డైవరు ఒకాయన ఉండేవాడు. పొడుగ్గా ఉండేవాడు. నువు సెలవలకి వచ్చినప్పుడు ఒకసారి ముందు సీట్లో కూర్చోబెట్టి గేటు దాకా తిప్పాడు. ఆయన బార్య పోయింది. పిల్లలు లేరు. ఒక రోజు నన్ను అడిగాడు. నీ కూతురు నా కూతురు అనుకుంటా మనం పెల్లి చేసుకుందాం అన్నాడు. నేను ఏం చెప్పను. ఇంట్లో పెద్దవాల్లు ఎవరూ లేరు. నాకు ఉన్నది నువొక్కదానివే. అందుకని నిన్నే అడిగా. నా అంతట నేను నాలుగు రోజులు కూర్చుని రాసా ఆ ఉత్తరం. సిస్టరమ్మకి కూడా చూపించలేదు. నీకు ఇస్టమేనా అని రాసా. నీకు ఇస్టం లేకపోతే లేదని చెప్పు నేనేమీ అనుకోను అని కూడా రాసా.

పది రోజులకి కవరు వచ్చింది. చేతులు కడుక్కుని విప్పా. నా కాగితమే. అంబులేసుకి నువు పైన సరిగ్గా రాసావు. డైవరుకి సరిగ్గా రాసావు. ఇస్టమేనా అన్న చోట స కొట్టేసి ష పెట్టావు. కింద తప్పులు ఇరవై మూడు అని ఉంది. వెనక తిప్పి చూసా. కవరు లోపల వేలు పెట్టి చూసా ఇంకో చిన్న కాగితం ఏమైనా ఉందా అని. ఏమీ లేదు.

నాకు ఎర్ర గీతలు నొప్పి కాదే. అడిగిన దానికి జవాబు లేదు. అది నొప్పి. నొప్పి లేదని అబద్దం ఆడను. ఆయనకి వద్దని చెప్పా. ఇంక నీకు ఏం రాయాలో తెలీక రాయలేదు.

నీ పెల్లి నాడు వేలిముద్ర ఎందుకు వేసానంటే, నా సంతకంలో ఒక అచ్చరం ఎప్పుడూ తప్పు పోతది. మీ అత్తగారు పక్కనే నిలబడి ఉంది. నీ పెల్లి కాగితం మీద తప్పు ఉండకూడదని వేలు వేసా. నీ మీద కోపంతో కాదు. నువు కొంగుతో తుడిచావు చూడు అప్పుడే నా మనసు సగం కుదట పడింది.

పిల్లకి దగ్గు తగ్గిందా. వేడినీల్లు పట్టు.

అమ్మ

*

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. రోజూ బ్యాగులో పెట్టుకుని ప్రెస్సుకు తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి తెస్తున్నాను. "ఏంటది, ప్రేమలేఖా?" అని నీ అల్లుడు ఏడిపించారు. చేతికివ్వలేదు, బ్యాగులో పెట్టేశాను. నా మొహం చూసి, లేచి వెళ్లి పిల్లకి జడ వేశారు. ఆ జడ ఎలా ఉందో నువ్వు చూడాల్సింది.

ముందు ప్రెస్సు సంగతి చెబుతాను. నీకు చెప్పాల్సింది చివర్లో చెబుతాను. ఎందుకు చివర్లో అంటే, భయం.

నేను ఆ ఉత్తరం దగ్గర పెన్ను పక్కన పెట్టి రెండు రోజులు కూర్చునేసరికి పెద్దసారుకి ఓపిక పోయింది. పని మెరుపుకి అప్పగించారు. "ఒక్కో మాటా దిద్దడం దేనికి, కంప్యూటరుకి చెబితే మొత్తం పుస్తకంలో ఒక్కసారే మార్చేస్తుంది" అందది. ఆ ముసలావిడ 'ఎప్పుడు' అనే మాటలో హెచ్ మింగేసిందని చెప్పాను కదా. ఆ మాట ఎక్కడ కనిపించినా హెచ్ చేర్చమని కంప్యూటరుకి చెప్పింది. అదేమో ఆజ్ఞ ప్రకారం, 'వెళ్లాడు' అనే మాట కడుపులో అవే మూడక్షరాలు ఉంటే అక్కడా హెచ్ దూర్చింది. 'ఇరవై' అనే మాటలోనూ దూర్చింది. నవల్లో ఎవరో ఒకరు ఎక్కడికో ఒకచోటికి వెళుతూనే ఉంటారు కదమ్మా! మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెళ్లినవాళ్లందరికీ హెచ్ తగిలింది. ప్రూఫు చూసి మెరుపు నెత్తిన చేతులు పెట్టుకుంది. "అక్కా, ఆ ముసలావిడ చేసిన తప్పులు నలభై. నేను చేసినవి నాలుగొందలు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వీ నవ్వీ అది ఏడ్చింది, ఉద్యోగం పోతుందని.

దాన్ని కూర్చోబెట్టి, నేను పెద్దసారు గదిలోకి వెళ్లాను.

"సార్, మొత్తం పాత కాపీ నుంచి మళ్లీ సరిచేసి ఇస్తాను. కానీ ఆ ఉత్తరం దిద్దను" అన్నాను.

"దిద్దలేవా, దిద్దవా?"

"దిద్దను సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపమొస్తే అలా పెడతారు. "రేపు కాలేజీ పిల్లలు ఇది చదివి పరీక్షలో సెజ్ అని రాస్తే, మార్కులు నువ్వేస్తావా?"

"ఆమె పరీక్ష రాయడం లేదు సార్. కొడుక్కి ఉత్తరం రాస్తోంది."

నేను దిద్దిన ఏడు వాక్యాలూ శుభ్రంగా కొట్టించిన కాగితం ఒకటి, అసలు పేజీ ఒకటి ముందు పెట్టి, "పైకి చదవండి సార్, రెండూ" అన్నాను. పద్నాలుగేళ్లలో ఆయనతో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. దిద్దినది చదివారు. ఇక్కడ మంచు పడుతోంది, నీ మంచం అలాగే ఉంచాను, యజమానురాలు మంచిదేనా, వస్తానన్నవాడివి ఎప్పుడొస్తావు. "ఎవరో గుమాస్తా రాసినట్టుంది" అన్నారు. తరవాత అసలుది చదివారు. మొదటి వాక్యానికి నవ్వారు. రెండో వాక్యానికీ నవ్వారు. మంచం దగ్గరికి వచ్చేసరికి నవ్వలేదు. చివరిదాకా చదివి, కాగితం తిప్పి నావైపు పెట్టారు.

"మరి రచయిత సొంత వాక్యాల సంగతేంటి? అవీ అలాగే ఉంచమంటావా?"

ఆ సంగతి నేను అప్పటికే ఆలోచించుకున్నాను. "అక్కర్లేదు సార్. ఆయన ఆ కాలం వాడుక ప్రకారం రాశాడు. ఇప్పుడుంటే ఇప్పటి వాడుక ప్రకారం రాసేవాడు. అవి మార్చినా ఆయన ఆయనే. ఈమెవి మారిస్తే మాత్రం ఈమె ఉండదు."

"అయితే మనుషుల మాటలూ ఉత్తరాలూ అలాగే ఉంచు, తక్కినవి మార్చు. పిల్లలకి అర్థమయ్యేలా చివర్లో ఒక పట్టిక ఇవ్వు. శుక్రవారానికి కావాలి. ఏ కాలేజీ నుంచైనా ఫిర్యాదొస్తే నీ పేరే చెబుతాను."

"చెప్పండి సార్."

"ఇంకోటి. ఆ మెరుపుని ఏడవద్దని చెప్పు. బయట్నుంచి వినబడుతోంది."

శుక్రవారం మధ్యాహ్నం పుస్తకం అచ్చుకు వెళ్లింది. చివరి ప్రూఫు మీద నేనే సంతకం పెట్టాను. సంతోషంగా ఇంటికి రావాల్సిన రోజు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నీ ఉత్తరం మళ్లీ తీశాను. నవల్లో ఎవరో ముసలావిడ కోసం అంత ధైర్యం చేశాను, నీకు మాత్రం సగం నిజమే రాశాను అనిపించింది.

అమ్మా, మూడో ఉత్తరంలో ఏముందో గుర్తులేదని రాశాను. అది అబద్ధం.

ప్రతి మాటా గుర్తుంది. సాయంత్రం ఆటల సమయం. కుళాయిల దగ్గర గట్టు మీద కూర్చుని విప్పాను. 'నీకు కొత్త నాన్న వస్తే నీకు ఇస్టమేనా' అని ఉంది. కింద 'నువు వద్దంటే వద్దు' అని ఉంది. ఆయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పిన రోజు నాకెంత గర్వంగా ఉందో కూడా గుర్తుంది. ఆయనంటే నాకు ఇష్టమే. కానీ ఆ ఉత్తరం చదివాక మళ్లీ మడిచి కవర్లో పెట్టేశాను. నాన్న చొక్కా ఒకటి నా పెట్టెలో అడుగున ఉండేది, నీకు తెలియకుండా తెచ్చుకున్నాను. ఇక ఇంటికొస్తే ఆ చొక్కా ఎక్కడ దాచుకోవాలి అని, పదమూడేళ్ల బుర్రకి అదొక్కటే తోచింది. వద్దని రాద్దామనుకున్నాను. అలా రాస్తే నువ్వు ఏడుస్తావని తెలుసు. సరే అని రాద్దామంటే చెయ్యి రాలేదు. అప్పుడు నా కంపాసు పెట్టెలో ఎర్ర పెన్ను కనిపించింది.

ఆ పూట దిద్దినంత జాగ్రత్తగా నేను జీవితంలో ఏదీ దిద్దలేదు. మొదటి రెండు ఉత్తరాల్లో వదిలేసినవి కూడా ఈసారి వదల్లేదు. నీ ప్రశ్న మీద గీతలు గీసుకుంటూ పోతే అది కనపడకుండా పోతుందనుకున్నాను. నాకు అర్థం కాలేదని, చిన్నపిల్లని, తప్పులే చూశానని నువ్వు అనుకోవాలనుకున్నాను. ఆ ఎర్ర సిరానే నా జవాబమ్మా. 'వద్దు' అని రాసే ధైర్యం లేక ఇరవై మూడుసార్లు గీశాను.

నువ్వు కవర్లో వేలు పెట్టి వెతికావన్న వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. అప్పుడు నీకు ముప్ఫై ఒక్క ఏళ్లు. ఇప్పుడు నాకు ముప్ఫై తొమ్మిది. నాకన్నా చిన్నదానివి నువ్వప్పుడు! ఒక్కదానివి, ఆ క్వార్టర్సు గదిలో. నా మూలంగా అలాగే ఉండిపోయావు.

అడిగిన ఇరవై ఆరేళ్లకి జవాబు రాస్తున్నాను. ఇష్టమే అమ్మా. ఆయన ఎక్కడున్నా, ఎలా ఉన్నా, నువ్వు ఇప్పుడు పెళ్లి చేసుకుంటానన్నా నాకు ఇష్టమే. నీ అల్లుడికీ ఇష్టమే, అడిగాను. లోకం ఏమనుకుంటుందో నేను చూసుకుంటాను.

నువ్వు క్షమించకపోయినా నేనేమీ అనుకోను. కానీ జవాబు మాత్రం రాయి.

నీ పిచ్చిక

*

పిచ్చికా,

నువు రాసింది చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత మల్లీ నవ్వొచ్చింది. ఆ డైవరు నన్ను అడిగిన మరుసటి ఏడాదే బదిలీ అయి పోయాడు. అక్కడ పెల్లి చేసుకున్నాడు. ఇప్పుడు తాత అయ్యాడు. ఒకసారి బీపీ చూపించుకోడానికి మా ఓపీకి వచ్చాడు. పల్లు ఊడిపోయాయి. నువు నన్ను ఇప్పుడు ఆయనకి ఇచ్చి చేస్తానంటే వాల్ల ఆవిడ నీ ఇంటి మీదకి వస్తది.

నువు తెలిసే దిద్దావని నాకు అప్పుడే తెలుసు. ఇరవై మూడు గీతలు ఊరికే గీస్తారా ఎవరైనా. స మీద గీసిన గీతకి కాగితం చిరిగింది. అంత గట్టిగా నొక్కావు. పిల్ల వద్దంటంది అనుకున్నా. చెప్పాలంటే నోరు రావట్లేదు అనుకున్నా. నువు నోటితో చెప్పలేదని నొప్పి గానీ వద్దన్నావని కాదు.

ఇప్పుడు నేను నీకు ఒకటి చెప్పాలి. నువు నిజం చెప్పాక నేను దాచితే బాగోదు.

నీ వల్ల నేను ఆయన్ని వద్దన్నానని పోయిన ఉత్తరంలో రాసా. అది నిజం కాదు. అంటే సగమే నిజం. నీ కవరు రాకముందే ఒకరోజు టీ తాగుతా ఆయన అన్నాడు, పెల్లయ్యాక నువు ఈ పని మానెయ్యి, నా బార్య బెడ్‌పాన్లు కడగడం నాకు నచ్చదు అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ నేను టీ సగంలో వదిలేసి వార్డుకి పోయా. నాకు ఆ పని ఇస్టం. వార్డులో నేను వస్తే ఆయమ్మ వచ్చింది అని మంచాల మీద తలలు లేచేవి. సిస్టరమ్మ చదువు చెప్పేది. మల్లీ ఒక ఇంట్లో కూర్చుని తలుపు ఎప్పుడు చప్పుడవుతదా అని చూడ్డం నా వల్ల కాదు. మీ నాన్నతో అలా చూసా. నీకు తెలీదు. మీ నాన్న మంచోడే గానీ ఎప్పుడు వస్తాడో తెలిసేది కాదు.

అయితే ఆయనకి ఆ మాట మొకం మీద చెప్పడానికి నాకూ దైర్యం లేదు. ఉద్యోగం కోసం మొగుణ్ణి వద్దంది అంటారని బయం. అప్పుడు నీ కవరు వచ్చింది. ఆయనకి ఆ కాగితం చూపించి, పిల్ల ఒప్పుకోలేదండి, అన్నా. ఆయన తల ఊపి వెల్లిపోయాడు. సిస్టరమ్మ అడిగితే పిల్ల ఒప్పుకోలేదు అన్నా. మీ పిన్ని అడిగితే అదే. ఇన్నేల్లు అందరికీ అదే చెప్పా. చెప్పీ చెప్పీ నాకే నిజం అనిపించింది. నీ మీద అలిగా కూడా. పదమూడేల్ల పిల్ల నెత్తిన నా మాట పెట్టి నేను తప్పుకున్నా. నువు నన్ను చమించమన్నావు. నువు కూడా నన్ను చమించు.

నా బతుకు నీ పెన్నుతో ఆగిపోయిందని ఏడవకు. అంత పెద్దదానివి కాదు నువప్పుడు. నా బతుకు నేను కోరుకున్నట్టే గడిచింది. వచ్చే ఏడు రిటైరు అవుతా. ఆ మాట తలుచుకుంటేనే దిగులు.

రాయడం మర్చిపోయానని కూడా అనుకోకు. నీకు రాయలేదు గానీ రాస్తానే ఉన్నా. మంచం మీద ఉన్నోల్లు ఇంటికి రాయమంటే రాసి పెడతా. వాల్లు చెప్పినట్టే రాస్తా ఒక్క మాట మార్చను. ఎవరూ ఇంతవరకు దిద్ది వెనక్కి పంపలేదు.

శనివారం ఆదివారం సెలవు పెట్టా. పొద్దున బస్సుకి వస్తన్నా. ప్రతిసారి అల్లుడు బస్టాండుకి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెల్తాడు, అత్తయ్యకి బోర్డులు చదవడం రాదు తప్పిపోతది అని. పాపం ఏ బస్సు ఎటు పోతదో దారంతా చదివి వినిపిస్తాడు. నాకు చదవడం వచ్చని ఎప్పుడూ చెప్పలేదు. అంత ముద్దుగా చెప్తుంటే ఎలా చెప్పను. నువు కూడా చెప్పకు.

ఈసారి మాత్రం అల్లుణ్ణి పంపకు. నువ్వే రా.

అమ్మ